స్వామి ముఖం

కురిడీ కొబ్బరి కొనేవాడు కాయ పగలగొట్టి చూడడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. లోపల గుండు కదిలిన చప్పుడు పొడిగా వినిపిస్తే మంచి సరుకు. మెత్తగా వినిపిస్తే ఇంకా తడి ఉంది. పెంకు ఎంత నున్నగా ఉన్నా దానికి ధర కట్టకూడదని మా నాన్న నాకు ముందే నేర్పాడు. ఆ ఒక్క విద్యతోనే కొత్తపేటలో కొట్టు నిలబెట్టుకున్నాను. అయినా 1952 వేసవిలో మా అన్నయ్య ముఖం నున్నబడుతుంటే ఇంటిల్లిపాదితో పాటు నేనూ చూసి మురిసిపోయాను.

అన్నయ్య పేరు వీరబాబు. గల్లాపెట్టె దగ్గర నేను కూర్చుంటే, తోటలు తిరిగి కాయ దింపులు మాట్లాడి పడవకెక్కించే పని ఆయనది. మా ఇంటి నారసం కూడా ఆయనదే. నారసమంటే సన్నటి ఇనుప శూలం. వీరభద్రుడి సంబరంలో వీరణాలు మోగుతుండగా ఇంటి మగవాడొకడు దాన్ని ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి గుచ్చించుకుని ఊరు తిరిగి రావాలి. మా నాన్న పోయాక ఆ వంతు అన్నయ్యకి వచ్చింది. నాకు రానందుకు నేనెప్పుడూ బాధపడలేదు. నాకు ముల్లు గుచ్చుకుంటేనే కళ్ళు తిరుగుతాయి.

అంతకు ముందు చలికాలం నుంచీ ఆయన ముఖం మారుతూ వచ్చింది. నలభై దాటిన మనిషి, ఎండన పడి తిరిగే మనిషి. నుదుటి మీద గీతలుండాలి, కళ్ళ కింద ముడతలుండాలి. అవి ఒక్కొక్కటే మాయమయ్యాయి. చర్మం నిండుగా, లోపలి నుంచి దీపం పెట్టినట్టు మెరవసాగింది. నొసలు ముందుకి పొంగింది. ముక్కు వెడల్పయింది. చెవితమ్మెలు బరువెక్కి కిందికి దిగాయి. కనుబొమలు చివర్ల నుంచి రాలిపోయి మధ్యలో పలచటి గీతలు మాత్రం మిగిలాయి. గొంతు బొంగురుపోయింది. నెమ్మదిగా మాట్లాడినా పక్క గదిలో ఎవరో గంభీరంగా మాట్లాడుతున్నట్టుండేది.

మా ఇంటి దేవుడి గదిలో వీరభద్రుడి ఇత్తడి ముఖం ఉంది. సంబరం దగ్గర పడితే మా అమ్మ అచ్చాయమ్మ దాన్ని చింతపండుతో తోమి వీధరుగు మీద ఆరబెడుతుంది. అలా ఆరబెట్టిన రోజున అన్నయ్య తోటల నుంచి వచ్చి మెట్టెక్కబోయాడు.

"ఇలా కూర్చోరా పెద్దాడా," అంది అమ్మ.

"కాళ్ళన్నా కడుక్కోనీ అమ్మా."

"కూర్చోమంటే కూర్చో." ఇత్తడి ముఖాన్ని తీసి ఆయన ముఖం పక్కన పట్టుకుంది. "బుల్లబ్బాయ్, ఇలా రా. రెండూ చూసి చెప్పు."

చూశాను. అదే పొంగిన నొసలు, అదే ముక్కు, అవే దిగిన చెవులు. ఎండ రెండిటి మీదా ఒకేలా పడుతోంది.

"ఒకే అచ్చులో పోసినట్టున్నాయమ్మా," అన్నాను.

గుమ్మంలో నిలబడ్డ కాంతం వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇత్తడాయన ఒక మాటంటే పడతారు అత్తయ్యగారూ. ఈయన పడరు. అదొక్కటే తేడా అండి."

"నీకు అన్నీ వేళాకోళాలే. అది సింహం ముఖమే పిల్లా. స్వామి మన ఇంటికి నడిచి వస్తున్నాడు."

అన్నయ్య ముక్కు ఎగబీల్చి, "ఈ పడిశం ఒకటి తగ్గట్లేదు," అని లేచి నూతి దగ్గరికి వెళ్ళిపోయాడు.

వైశాఖంలో మా ఇంటి సంబరం జరిగింది. నారసం గుచ్చేది తాతాజీ గారు. మా నాన్నకీ ఆయనే గుచ్చాడు. ముందు విభూతి రాస్తాడు. బుగ్గని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని దక్షయజ్ఞం కథ అందుకుంటాడు. వీరభద్రుడు యజ్ఞశాలలో అడుగు పెట్టే చోటికి కథ వచ్చేసరికి శూలం దించుతాడు.

నారసం దిగే వేళ అన్నయ్య పక్కన నిలబడడం నా వంతు. ఏటా ఆయన నా భుజం పట్టుకునేవాడు. మెడ నరాలు పైకి తేలేవి, పిక్కలు వణికేవి, ఆయన వేళ్ళు దిగిన చోట నా భుజం మర్నాటికి కమిలిపోయేది. ఈసారి ఆయన చెయ్యి నా భుజం మీద ఊరికే ఆనింది, కొట్లో బస్తా మీద వేసినట్టు. తాతాజీ గారు కథ అందుకున్నాడు. వీరణాలు జోరందుకున్నాయి. అన్నయ్య కళ్ళు తెరిచే ఉన్నాయి. పందిరి అంచున కాకి ఒకటి వాలితే దాన్ని చూస్తున్నాడు. ఆ కాకి ఎగిరిపోయేసరికి శూలం మొన రెండో బుగ్గలోంచి బయటికి వచ్చి ఉంది.

రెప్ప వాల్చలేదు.

'అశ్శరభ' అని అరవాల్సిన జనం అరవడం మరిచిపోయారు. వీరణం వాయించేవాడి చెయ్యి కూడా ఒక క్షణం ఆగింది. వెనకనుంచి ఎవరో, "పెద్ద నారసం తెండి," అన్నారు. మా నాన్న కూడా పట్టని నారసం అది. తెచ్చారు. అదీ అలాగే దిగింది. దాంతో అన్నయ్య ఎండలో ఊరంతా తిరిగాడు. నెత్తుటి బొట్టు గడ్డం కిందికి జారుతున్నా, ఆ మెరిసే ముఖంలో ఒక్క ముడత పడలేదు. ఆడవాళ్ళు ఆయన నడిచిన చోట బిందెలతో నీళ్ళు పోసి, ఆ తడిమట్టి తీసి పిల్లల నుదుట పెట్టారు.

నేను లెక్కల మనిషిని. నమ్మకాలు కూడా చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసే రకం. అలాంటివాణ్ణి, ఆ రోజు సొంత అన్నయ్య వెనక నడుస్తూ ఆయన నీడని తొక్కకుండా పక్కకి తప్పుకుని నడిచాను.

భోజనాలయ్యాక తాతాజీ గారు చెయ్యి తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"ఒక మాటండి బుల్లబ్బాయి గారూ. దవడ బిగుసుకోలేదండి."

"అంటే?"

"ఇనుము తగిలితే ఎవరి దవడైనా బిగుసుకుంటదండి. ఎంత భక్తుడిదైనా సరే. నా వేళ్ళకి తెలుస్తదండి అది. అన్నయ్యగారిది బిగుసుకోలేదు. నిద్రపోయేవాడి బుగ్గలా ఉందండి."

"అలా ఎందుకుంటుంది?"

"నాకు తెలీదండి. ఇంత వయసొచ్చింది, నేను చూళ్ళేదండి." అలా అంటూనే వీధరుగు వైపు తిరిగి, అక్కడ కూర్చున్న అన్నయ్యకి రెండు చేతులూ జోడించాడు.

అక్కడి నుంచి మా వాకిలి ఖాళీగా ఉన్న పొద్దు లేదు. రాజోలు వైపు నుంచి వచ్చేవాళ్ళు, అమలాపురం నుంచి వచ్చేవాళ్ళు. అన్నయ్య చేత్తో విభూతి పెట్టించుకోవడానికి బండ్లు కట్టుకుని వచ్చారు. వ్యాపారం గురించి అబద్ధం చెప్పను. బాబ్జీ అని ఒక తోట ఆసామి ఉండేవాడు. వందకి కొసరు కాయ ఒకటి అడిగితే తన తాతముత్తాతల చరిత్ర మొత్తం చెప్పి లేదనేవాడు. ఆ బాబ్జీ బండి నిండా కాయ తోలుకుని తనంతట తనే వచ్చాడు.

"మీకు కాక ఎవరికేస్తామండి. స్వామివారి కొట్టు ఇది. వీరబాబు గారు ఓసారి వచ్చి మా చెట్లు ముట్టుకుంటే చాలండి."

"ముట్టుకుంటే కొసరు ఎన్నిస్తారండి?"

"మీరు మటుకు మారరండి," అని నవ్వి, ఇచ్చాడు కూడా.

ఆ వారంలోనే మురమళ్ళ దాటాక ఏటిగట్టు మీదున్న ఒక ఊరి పెద్ద, సూర్యారావు గారు, తాంబూలం పళ్ళెంతో వచ్చారు. జ్యేష్ఠంలో వాళ్ళ గుడి సంబరం.

"మా గుడి నారసం మూరెడు పైమాటండి. బొటనవేలంత లావు. దాన్ని పట్టినవాళ్ళు మా ఎరికలో లేరండి. పెట్టెలో ఉంచి పూజ చేసుకుంటన్నాం. తమరు వచ్చి పట్టాలండి."

అన్నయ్య పళ్ళెం వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఆయ్, వస్తానండి," అన్నాడు. మా ఇంట్లో తాంబూలం పుచ్చుకోవడమంటే బేరం కుదిరినట్టే.

కాంతం వదిన మాత్రం మాట తగ్గించేసింది. ఒక మధ్యాహ్నం నాకు వడ్డిస్తూ, అమ్మ వినకుండా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"మీతో ఓ మాటండి మరిదిగారూ. మొన్న పొయ్యి మీంచి దింపిన చారు గ్లాసులో పోసి ఇటు తిరిగేను. చల్లారేక ఇద్దామని. నేను తిరిగేలోపు తాగేసేరు. పొగలు కక్కుతోందండి అది."

"ఆయనకి వేడి ఇష్టమే కదా వదినా."

"సాయంత్రం అంగిటి తోలు ఊడి చేతిలోకొచ్చింది. ఏంటే ఇది అని నన్నడిగేరు. నోరు కాలిందని ఆయన నోటి సంగతి ఆయనకి నేను చెప్పాల్సొచ్చిందండి."

నేను అన్నం కలపడం ఆపాను.

"ఇవాళ పొద్దున ముందుపన్ను ఊడి చెంబులో పడింది. నొప్పి లేదు. దాన్ని తీసి గట్టు మీద పెట్టి మళ్ళీ పుక్కిలించేరు, వేపపుల్ల ముక్క పడినట్టు."

"స్వామి ఉన్న ఒళ్ళు వదినా అది."

"స్వామి ఉంటే ఉండనివ్వండి. ఆయనెక్కడున్నారో నాకు తెలియాలి కదండి," అంది. ఆమె గొంతులో వేళాకోళం లేదు.

డాక్టరు ప్రభాకరరావు గారు వచ్చింది ఆ తర్వాతే. గోదావరి అవతల, ద్రాక్షారామం దాటాక, ఒక మిషను ఆసుపత్రిలో ఆయన పని. రోగుల ఒంటికి రాయడానికి కొబ్బరినూనె మా కొట్టు నుంచే వెళ్ళేది. అమలాపురంలో అత్తవారింటికి వెళ్ళేటప్పుడల్లా దిగి, ఒక బొండం తాగి, నూనె సంగతి మాట్లాడి వెళ్ళేవారు. ఆ రోజు బొండం చేతిలో ఉండగా అన్నయ్య లోపలికి వచ్చాడు. డాక్టరు గారు బొండం తాగడం మరిచిపోయారు.

"అలా చూస్తన్నారేంటండి? మీక్కూడా విభూతి పెట్టాలా?" అన్నాడు అన్నయ్య.

"పెడితే పెట్టించుకుంటానండి. ముందు మీ నోరు ఒకసారి చూడనిస్తారా?"

"నోట్లో ఏవుందండి, ఊడిపోయే పళ్ళు తప్ప."

కొట్టు వెనక కాయ రాశి పోసే గదిలోకి వెళ్ళాం. అన్నయ్యని బస్తా మీద కూర్చోబెట్టి, టార్చిలైటు వేసి, డాక్టరు గారు చాలాసేపు చూశారు. నేనూ ఆయన భుజం మీంచి తొంగి చూశాను. అంగిలి మీద జొన్నగింజలంత బుడిపెలు లేచి ఉన్నాయి. వాటి నడుమ మానీ మానని పుండొకటి. ఆ మెరిసే ముఖం వెనక అది ఉందని ఎవరూ అనుకోరు. ఇంటి పైకప్పు లోపలి వైపు చెద పట్టి ఉంటే కింద నిలబడి చూసినట్టుంది నాకు.

డాక్టరు గారు కింద పడి ఉన్న కొబ్బరి పీచులోంచి ఒక పోగు లాగారు.

"కళ్ళు మూసుకోండి వీరబాబు గారూ. ఇది తగిలినప్పుడల్లా ఆయ్ అనండి."

మెడ మీద ఆనించారు. "ఆయ్," అన్నాడు అన్నయ్య. గడ్డం కింద ఆనించారు. "ఆయ్." తర్వాత పోగు బుగ్గ మీదికి వెళ్ళింది. బుగ్గ మీంచి నుదుటికి, అక్కణ్ణుంచి ముక్కు మీదుగా పెదవికి. పెదవి మీద ఆ పోగు అటూ ఇటూ కదిలింది. గదిలో చప్పుడు లేదు. కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, అన్నయ్య బుద్ధిగా ఎదురు చూస్తున్నాడు.

కాసేపటికి అన్నాడు, "ఆగిపోయేరేంటండి? కానివ్వండి మరి."

డాక్టరు గారు పోగు కింద పడేసి, ఆయన పక్కన బస్తా మీదే కూర్చున్నారు. కూర్చున్నాకే చెప్పారు.

"ఇది పెద్దరోగమండి, కుష్ఠు. ముఖం ఇంత నున్నగా, ఇంత కళగా రావడం నేనూ అరుదుగా చూశాను. మామూలుగా మచ్చలొస్తాయి, జనం గుర్తు పడతారు. ఇలా వస్తే మనిషి వయసు తగ్గిందనుకుంటారు. మీ తప్పేం లేదు. ఎవరి తప్పూ లేదు."

అన్నయ్య కళ్ళు తెరిచాడు. "తగ్గుతుందాండి?"

"ఇదివరకు నూనె ఇంజెక్షన్లు తప్ప ఏమీ ఉండేవి కాదు. ఇప్పుడు మాత్రలొచ్చాయి. ఏళ్ళ తరబడి వేసుకోవాలి. రోగం ఆగుతుంది. ముక్కు పడిపోకుండా, చూపు పోకుండా కాపాడుకోవచ్చు. పోయిన స్పర్శ తిరిగి వస్తుందని మాత్రం మాటివ్వలేను. ఆలస్యం చేయకండి. కొన్నాళ్ళు మా దగ్గరే ఉండాలి. ఇంట్లో అందర్నీ కూడా చూడాలి."

"మరి నారసం పట్టడం..." అన్నాడు అన్నయ్య.

"ఇక కుదరదండి. గాయం మీకు తెలియకుండానే కుళ్ళిపోతుంది."

ఆయన వెళ్ళాక నేను నా లెక్క వేసుకున్నాను. ఈ మాట బయటికొస్తే కొట్టు మూత. కాయ ఇచ్చేవాడుండడు, కొనేవాడుండడు. ఊళ్ళో నీళ్ళు కూడా పుట్టవు. దాచితే అన్నయ్య ముక్కు పోతుంది, తర్వాత కళ్ళు. రెండూ కాకుండా మూడో దారి ఒకటి దొరికింది. అన్నయ్య కాశీకి వెళ్ళాడని చెప్పి, తెల్లవారకముందే ఏరు దాటించి ఆసుపత్రిలో చేర్చేయడం. సూర్యారావు గారికి ఒంట్లో బాగాలేదని కబురు పెట్టేయడం. స్వామి కాశీలో ఉన్నాడంటే కొట్టుకి ఇంకా మంచి పేరు.

పెరటి వసారాలో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. అమ్మ నా మాట పూర్తి కానివ్వలేదు.

"స్వామి ముఖాన్ని పట్టుకుని రోగమంటావురా? ఆ డాక్టరు దేవుడు వేరు. ఆయనకేం తెలుసు మన స్వామి?"

"ఆయన నా నోట్లో చూసేడమ్మా," అన్నాడు అన్నయ్య. "దేవుడి ఊసెత్తలేదు."

"నువ్వు కూడా అలా అంటావేరా? ఊరు ఊరంతా చూసింది. రెప్పన్నా వాల్చకుండా పట్టేవు. మీ నాన్న పట్టగలిగేడా అలా? అది స్వామి కాక మరేంటి?"

అన్నయ్య కండువా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కాంతం వదిన స్తంభానికి ఆనుకుని ఆయన్నే చూస్తోంది.

"మొదటిసారి నాకు నారసం గుచ్చినప్పుడు ఎలా ఉందో తెలుసా అమ్మా," అన్నాడు. "ప్రాణం పోతుందనుకున్నాను. ఆ నొప్పి బుగ్గలోంచి చెవి వెనగ్గా వచ్చి నెత్తిలో మండింది. ఇంకేం లేదు నాకు. నీ కొడుకునని కూడా గుర్తు లేదు. ఆ నిప్పు మధ్యలో ఎవరో నిలబడి ఉన్నారు. ఆయనే స్వామి అనుకున్నాను. ఏటేటా ఆ నొప్పి కోసమే పట్టేనమ్మా. అది దాటితే ఆయన కనపడతాడు."

అమ్మ కొంగు చివర ముడి విప్పి మళ్ళీ వేసింది.

"ఈసారి ఏమీ లేదు. ఇనుము దిగింది, కాకిని చూస్తా నిలబడ్డాను. అందరూ నాకు దణ్ణం పెడతన్నారు. లోపల చూసుకుంటే ఎవరూ లేరు. తాళం వేసి వెళ్ళిపోయిన ఇల్లులా ఉంది. ఈ నెలంతా వచ్చినవాళ్ళకి విభూతి పెడతా అదే ఆలోచిస్తన్నాను, ఏం పాపం చేసేనా, స్వామి నన్నెందుకు వదిలేసేడా అని. ఆ డాక్టరు రోగమన్నాడు. నాకు ఎంత హాయిగా ఉందో తెలుసా? ఆయన వదిలెయ్యలేదు. నా తోలు చచ్చింది, అంతే."

నాతో పాటు లోకమంతా ఆ ముఖాన్నే దైవం అనుకుంటుంటే, ఆ దైవం తనలో లేడన్న సంగతి ఒక్కడే మోస్తూ తిరిగిన మనిషి నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఊరేగింపులో నీడ తొక్కకుండా నడిచినప్పుడు కూడా నాకు ఆయనంటే అంత భక్తి కలగలేదు.

"కాశీ మాట బాగానే ఉందన్నయ్యా," అన్నాను, నా లెక్క వదలలేక.

"నువ్వు నీ కొట్టు కోసం చెప్పుకో. నేను కాదనను. తాంబూలం మటుకు నేను పుచ్చుకున్నాను. సూర్యారావు గారికి నా నోటితో చెప్పి, ఆ మర్నాడు ఆసుపత్రికి వెళతాను."

కాంతం వదిన లేచి, "నేనూ వస్తానండి ఆసుపత్రికి," అని లోపలికి వెళ్ళింది, బట్టలు సర్దడానికి.

సంబరం మొదలయ్యే ముందే వెళ్ళి సూర్యారావు గారిని పక్కకి పిలిచి చెప్పాలన్నది మా ఏర్పాటు. నేనూ, అన్నయ్యా, తాతాజీ గారూ పడవెక్కాం. దారిలో తాతాజీ గారికి అంతా చెప్పాను. ఆయన చాలాసేపు ఏటి నీళ్ళలోకి చూసి, "నా వేళ్ళు అబద్ధం చెప్పలేదండి," అన్నాడు, అంతే.

మా ఏర్పాటు రేవులోనే చెడిపోయింది. పడవ ఒడ్డు తాకకముందే వీరణాలు మొదలయ్యాయి. ఊరు ఊరంతా రేవులో ఉంది. గట్టు మీద పీట వేసి, దాని మీద అరిటాకు పరిచి, పెట్టెలోంచి తీసిన గుడి నారసాన్ని పట్టుబట్ట విప్పి పెట్టి ఉంచారు. పసుపు రాసిన ఆ ఇనుము ఎండలో నిగనిగలాడుతోంది. సూర్యారావు గారు పూలదండతో ఎదురొచ్చారు.

అన్నయ్య దండ వేయించుకోలేదు. పీట దగ్గరికి వెళ్ళి, వంగి నారసానికి దణ్ణం పెట్టి, జనం వైపు తిరిగాడు. ఆ బొంగురు గొంతు చివరి వరసదాకా వినిపించింది.

"నన్ను మన్నించాలండి. ఇది నేను పట్టకూడదు. నాకు ముఖంలో నొప్పి తెలీదు. అది భక్తి కాదండి, పెద్దరోగం. డాక్టరు గారు చూసేరు. రేపు ఆసుపత్రికి వెళతన్నాను. మీకు చెప్పి వెళదామని వచ్చేను."

వీరణాలు ఒకటొకటిగా ఆగిపోయాయి. జనం వెనక్కి జరిగారు. తోసుకోలేదు, అరవలేదు. అన్నయ్య చుట్టూ ఒక గుండ్రటి ఖాళీ ఏర్పడి, నెమ్మదిగా పెద్దదయింది. జనంలో కొందరి చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. వాళ్ళు భక్తితో జరిగారో భయంతో జరిగారో నాకు అంతు చిక్కలేదు. వాళ్ళకీ తెలియదనుకుంటాను.

సూర్యారావు గారి ముఖం పాలిపోయింది. దండ ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నారు. "ఇప్పుడా అండి చెప్పేది? నారసం విప్పేసేమండి. మీ పేరు చెప్పి విప్పేం."

ఎవరికీ ఏమీ తోచక అందరూ తాతాజీ గారి వైపు చూశారు. ఆయన తల వంచుకుని అన్నాడు, "విప్పిన నారసం నెత్తురు చూడకుండా మూట కట్టకూడదండి. ఎవరి పేరు మీద విప్పేరో ఆ ఇంటివాడే పట్టాలండి. లేకపోతే ఊరికి మంచిది కాదండి."

గట్టు మీద గొణుగుడు మొదలైంది. ఈ ఊళ్ళో ఈ ఏడు ఏ గొడ్డు చచ్చినా, ఏ బిడ్డకి జ్వరమొచ్చినా, అన్నయ్య పేరే చెప్పుకుంటారు. పెద్దరోగం ఒకటి, అరిష్టం ఒకటి, రెండు బరువులు ఆయన మీద పడతాయి. మొదటిది మోయడానికి ఆయనే ఒప్పుకున్నాడు. రెండోది ఎవరో ఒకరు దించాలి. మా ఇంట్లో మగవాడు ఇంకొకడే ఉన్నాడు. ఈ లెక్క వేయడానికి కాగితం అక్కర్లేకపోయింది.

చొక్కా విప్పి పీట దగ్గరికి వెళ్ళాను.

"బుల్లబ్బాయ్," అన్నాడు అన్నయ్య. "నీ వల్ల కాదురా."

"కాదనే అనుకుంటన్నాను," అన్నాను.

తాతాజీ గారు విభూతి రాశాడు. బుగ్గని రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. ఆయన వేళ్ళు తడిగా ఉన్నాయి. కథ అందుకున్నాడు. వీరణం వాయించేవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఒకడు మొదలుపెట్టాడు.

"దవడ వదులు చెయ్యండి బాబూ," అన్నాడు చెవిలో.

"బిగుసుకుంటోందండి."

"ఆయ్. బిగుసుకుంటదండి."

యజ్ఞశాలలో వీరభద్రుడు అడుగు పెట్టాడు.

దాన్ని నొప్పి అనడానికి నాకు మనసొప్పదు. తలుపు ధాటిగా తన్నుకుని ఎవరో లోపలికి వచ్చినట్టుంది. కొట్టు, కాయలు, పడవలు, రేపు జనం ఏమంటారన్న బెంగ, అన్నీ ఒక్కసారి మండి తెల్లటి వెలుగైపోయాయి. నా పేరు కూడా లేదు. ఆ వెలుగులో ఎవరైనా నిలబడి ఉన్నారా అంటే, ప్రమాణం చేసి చెప్పలేను. లేరని మాత్రం ఎవరైనా అంటే ఇవాళ్టికీ ఒప్పుకోను.

కళ్ళు కనపడేసరికి మోకాళ్ళ మీద ఉన్నాను. కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఇనుము నోట్లో అడ్డంగా ఉంది. జనం అరుస్తున్నారు. ఆ ఖాళీ దాటి అన్నయ్య నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. నన్ను ముట్టుకోలేదు. నా ముఖాన్నే చూస్తున్నాడు, ఆకలితో ఉన్నవాడు అన్నం వైపు చూసినట్టు.

"నొప్పిగా ఉందా?" అన్నాడు.

తల ఊపబోతే ప్రాణం పోయింది. కళ్ళతో అవునన్నాను.

"ఎక్కడ?"

చెయ్యెత్తి చూపించాను. బుగ్గ మీద ఇక్కడ. ఇక్కణ్ణుంచి చెవి దాకా. చెవి వెనక నుంచి నడినెత్తికి.

అన్నయ్య చూపుడువేలు తన ముఖం మీద పెట్టుకున్నాడు. నేను చూపించిన చోటు నుంచి మొదలుపెట్టి, బుగ్గ మీంచి చెవి దాకా, చెవి వెనక నుంచి నడినెత్తి దాకా, నెమ్మదిగా, దారి తప్పకుండా తీసుకువెళ్ళాడు.

"ఆయ్," అన్నాడు. "అదే దారి."